ఓట్స్ జిగురుతో గొడవ పడకండి: ఏ గింజకు ఏ వంట, ఎలా చేయాలి

మా నాన్నకు కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలిన వారం మా ఇంట్లోకి మొదటిసారి ఓట్స్ ప్యాకెట్ వచ్చింది. "పొద్దున టిఫిన్ బదులు ఓట్స్ తినండి" అని డాక్టరు ఒక్క ముక్క చెప్పి పంపించేశారు. ఎలా తినాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. నేను ప్యాకెట్ వెనక రాసింది చదివి, పాలల్లో వేసి ఉడికించి, గిన్నెలో పోసి ముందు పెట్టాను. నాన్న స్పూనుతో ఎత్తి, అది మెల్లగా మళ్లీ గిన్నెలోకి జారేదాకా చూసి, "ఏంటి, ఎలక్షన్లు వచ్చాయా, పోస్టర్లు అంటించాలా?" అన్నాడు. ఆ ప్యాకెట్ అలమరలో వెనక్కి పోయింది, మూడు నెలలకు పురుగు పట్టింది.

మీ ఇంట్లోనూ అలాంటి ప్యాకెట్ ఒకటి ఉంటే ఇది మీకోసమే రాస్తున్నా. నాకు చాలా ఆలస్యంగా తెలిసిందేంటంటే, నాన్న వెక్కిరించిన ఆ జిగురే ఓట్స్‌లో అసలు సరుకు, డాక్టరు తినమన్నది దానికోసమే. దాన్ని ఎలా పోగొట్టాలా అని నేను ఏడాది పాటు తంటాలు పడ్డాను. జిగురుంటేనే బాగుండే వంటలు మన ఇళ్లలో ఎన్ని లేవు? పొంగలి ఉంది, దద్దోజనం ఉంది, జావ ఉంది. మిగతా గింజలదీ ఇదే కథ. జొన్నపిండి సాగదు, రాగిపిండి ఉండ కడుతుంది, కొర్రన్నం చల్లారితే బిరుసెక్కుతుంది, సజ్జపిండి నిలవుంటే చేదెక్కుతుంది. ఒక్కోదానికి ఒక్కో మొండితనం. అదేంటో తెలిస్తే ఏ గింజతో ఏం వండాలో, ఏం వండకూడదో మీకే తెలిసిపోతుంది.

ముందు ఆ జిగురు ఏంటో చూద్దాం

ఓట్స్ ఉడికితే వచ్చే ఆ బంక పేరు బీటా గ్లూకాన్. నీళ్లలో కరిగే పీచు. పేగుల్లోకి వెళ్లాక కూడా గిన్నెలో ఉన్నట్టే చిక్కగా, గంజిలా ఉంటుంది. కొవ్వు అరగడానికి మన కాలేయం పిత్తరసం వదులుతుంది కదా, అందులోని ఆమ్లాలను ఈ బంక పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. పోయినదాన్ని మళ్లీ తయారు చేసుకోవాలంటే కాలేయానికి కొలెస్ట్రాల్ కావాలి, అది రక్తంలోంచి లాక్కుంటుంది. అలా చెడ్డ కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. కొంతే. మందు బిళ్లలు మానేసి ఓట్స్ తింటే సరిపోతుందని మాత్రం అనుకోకండి.

అమెరికాలో ఆహారం, మందుల వ్యవహారాలు చూసే ఎఫ్‌డీఏ 1997లో ఓట్స్ డబ్బాల మీద గుండెకు మంచిదని రాసుకోవడానికి ఒప్పుకుంది. ఆ లెక్క ప్రకారం రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ కావాలి. అంటే పచ్చి ఓట్స్ 75 గ్రాముల దాకా తినాలి, సుమారుగా నిండు కప్పు. మనం మామూలుగా చేసుకునే ఒక గిన్నెలో పట్టేది అరకప్పు, అంటే 40 గ్రాములు, సగం లెక్కే. అందుకే వారానికి ఒకరోజు ఓట్స్ బిస్కెట్ తిని రిపోర్టులో తేడా రాలేదేంటి అంటే రాదు.

ఇదే బంక వల్ల కడుపు కాసేపు నిండుగా ఉంటుంది, షుగర్ కూడా ఒక్కసారిగా ఎగబాకదు. కాకపోతే ఇక్కడో మెలిక ఉంది, కొనేటప్పుడు చెప్తా.

తవుడు తీయని గింజలు ఎందుకు

ఏ గింజకైనా మూడు భాగాలుంటాయి. పైన తవుడు పొర, లోపల పిండి భాగం, ఒక మూల చిన్న మొలక. పీచు, బి విటమిన్లు, ఇనుము లాంటివి ఎక్కువగా తవుడులో, మొలకలో ఉంటాయి. మిల్లులో బాగా పాలిష్ పడితే ఆ రెండూ పోయి పిండి భాగం మిగులుతుంది. అదే మనం మల్లెపువ్వులా ఉండాలని ఏరికోరి కొనే తెల్లబియ్యం.

దీనికీ మనకూ పాత సంబంధం ఉంది. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ (చాలామంది ఎన్ఐఎన్ అంటారు) మొదలైంది హైదరాబాద్‌లో కాదు. 1918లో తమిళనాడు కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు మీద విచారణ చేసే చిన్న విభాగంగా మొదలైంది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. బెరిబెరి అంటే బి1 విటమిన్ లేక వచ్చే జబ్బు, కాళ్లలో పట్టు పోతుంది, గుండె దెబ్బతింటుంది. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో అది బాగా కనిపించిన చోట్లలో మన కోస్తా జిల్లాలు కూడా ఉన్నాయి. కారణం మిల్లులో పాలిష్ పట్టిన పచ్చిబియ్యం. ఉప్పుడు బియ్యం తినేవాళ్లకు ఆ బెడద తక్కువ, ఎందుకంటే ధాన్యాన్ని ముందే ఉడకబెడితే తవుడులోని విటమిన్ కొంత లోపలికి దిగుతుంది. ఇప్పుడు మనం పప్పూ కూరా పాలూ కూడా తింటున్నాం కాబట్టి బెరిబెరి భయం లేదు. పీచు కొరత మాత్రం అలాగే ఉంది. 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా ఉండదు, జొన్నలు, రాగులు, సజ్జలు, ఓట్స్ ఏవైనా పది గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి.

ఒకటి గుర్తుంచుకోండి, కేలరీల్లో మాత్రం పెద్ద తేడా లేదు. బియ్యమైనా జొన్నలైనా కొర్రలైనా 100 గ్రాములకు 320 నుంచి 360 మధ్యలోనే ఉంటాయి, ఓట్స్ అయితే ఇంకాస్త ఎక్కువే. కొర్రన్నం కదా అని రెండు ప్లేట్లు లాగించి బరువు తగ్గలేదని బాధపడితే తప్పు కొర్రలది కాదు.

కొనేటప్పుడు

ఓట్స్‌లో మూడు రకాలు దొరుకుతాయి. స్టీల్ కట్ అంటే గింజను రెండు మూడు ముక్కలుగా నరికినవి, చూడ్డానికి గోధుమ రవ్వలా ఉంటాయి, ఉడకడానికి అరగంట పడుతుంది. రోల్డ్ అంటే గింజను ఆవిరి పట్టి అటుకుల్లా నొక్కినవి, అయిదారు నిమిషాల పని. ఇన్‌స్టంట్ అంటే ఇంకా పల్చగా నొక్కి ముక్కలు చేసినవి, వేడినీళ్లు పోస్తే చాలు. ఇందాక చెప్పిన మెలిక ఇదే. గింజ ఎంత నలిగితే అంత తొందరగా అరుగుతుంది, షుగర్ అంత తొందరగా పెరుగుతుంది. ఇన్‌స్టంట్ రకం తిని షుగర్ చూసుకుంటే ఇడ్లీకీ దానికీ పెద్ద తేడా కనిపించకపోవచ్చు. కాబట్టి రోల్డ్ కొనండి. ఓపిక ఉంటే స్టీల్ కట్.

మసాలా కలిపిన చిన్న ప్యాకెట్లు కొనకండి. లేదా కొన్నా, వెనక ఉప్పు ఎంతుందో, చక్కెర ఎంతుందో చూసి కొనండి. పదార్థాల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువున్నది ముందు వచ్చేలా రాయాలని మన దేశంలో రూలుంది. అందుకే "మల్టీగ్రెయిన్" అని పెద్ద అక్షరాలున్న బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూస్తే మొదటి పేరు మైదా ఉంటుంది, రాగులు ఎక్కడో చివర రెండు శాతం. బ్రౌన్ బ్రెడ్ కూడా అంతే, గోధుమరంగు చాలాసార్లు కాల్చిన చక్కెర రంగే.

చిరుధాన్యాల్లో కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు పాలిష్ పట్టనివి అడగండి. మరీ తెల్లగా మెరుస్తుంటే అనుమానించాలి. కొర్రలు లేత పసుపులో, కాస్త దుమ్ము పట్టినట్టు ఉంటే మంచివి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచి ప్రతి సూపర్ మార్కెట్లో వీటికో అర పెట్టారు, మంచిదే, కానీ ధర కూడా ఆ అరకు తగ్గట్టే ఉంటోంది. పాత కిరాణా కొట్టులోనో రైతుబజార్‌లోనో అడిగి చూడండి. పేర్లు ఊరిని బట్టి మారతాయి. రాగుల్ని ఉత్తరాంధ్రలో చోళ్లు అంటారు, తెలంగాణలో తైదలంటారు.

ఓట్స్‌కు మాత్రం మనదైన పేరు లేదు. కొన్నిచోట్ల యవలు అని రాస్తున్నారు, యవలు అంటే బార్లీ, అది వేరే గింజ. మన దేశంలో ఓట్స్ పండించేది ఎక్కువగా ఉత్తరాదిన పశువుల మేతకే.

ఓట్స్ వంటలు, జిగురు తక్కువ కావాలంటే

అందరూ చేసేది ఉప్మా, అందరికీ చెడేదీ ఉప్మానే. తప్పు ఎక్కడంటే బొంబాయి రవ్వ లెక్కలో నీళ్లు పోస్తాం. ఓట్స్ ఫ్యాక్టరీలోనే ఆవిరి పట్టి వస్తాయి (లేకపోతే వాటిలోని నూనె కొద్దిరోజులకే కనరెక్కుతుంది). అంటే అవి సగం ఉడికినవే, మెత్తబడితే చాలు.

ఒక కప్పు రోల్డ్ ఓట్స్ నూనె లేకుండా ఖాళీ మూకుడులో సన్నసెగ మీద అయిదు నిమిషాలు వేయించండి. కమ్మటి వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పెళుసుగా విరగాలి. ఈ పని మానేస్తే మిగతావన్నీ సరిగ్గా చేసినా లాభం లేదు. పళ్లెంలోకి తీసి ఆరనివ్వండి. అదే మూకుడులో రెండు చెంచాల నూనె, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, కరివేపాకు, పచ్చిమిర్చి, అల్లం, ఉల్లిపాయ, మామూలు తాలింపే. క్యారెట్, బీన్స్, బఠానీ వేసేటట్లయితే మూతపెట్టి ముందే పూర్తిగా మగ్గించండి, ఎందుకంటే ఓట్స్ వేశాక కూరగాయలు ఉడికే దాకా ఆగే టైం ఉండదు. ఇప్పుడు ముప్పావు కప్పు నీళ్లు. అవును, కప్పుకు ముప్పావే. ఉప్పు వేసి తెర్లుతుండగా ఓట్స్ పోసి రెండే రెండుసార్లు కలిపి, మూతపెట్టి, రెండు నిమిషాలకు కట్టేయండి. అయిదు నిమిషాలు ముట్టుకోవద్దు. తర్వాత ఫోర్క్‌తో పొడిపొడిగా విడదీసి నిమ్మకాయ పిండండి. గరిటెతో అదేపనిగా కలిపారో, పోస్టర్లకు పనికొస్తుంది.

దోసె కావాలంటే అరకప్పు ఓట్స్ మిక్సీలో పొడి చేసి, పావు కప్పు బియ్యప్పిండి, పావు కప్పు బొంబాయి రవ్వ, పుల్ల మజ్జిగ, జీలకర్ర, పచ్చిమిర్చి ముక్కలు వేసి రవ్వదోసె పిండిలా పల్చగా కలపండి. పావుగంట నానాక చూస్తే గట్టిపడి ఉంటుంది, ఇంకో అరకప్పు నీళ్లు పోయాల్సిందే. కాలిన పెనం మీద పైనుంచి చల్లాలి, గరిటెతో తిప్పితే చిరుగుతుంది. ఓట్స్ దోసె ఇడ్లీపిండి దోసెలా రావాలని ఆశపడకండి, అది రాదు.

ఓట్స్ పులిహోర జోలికి వెళ్లొద్దు. నేను ఒకసారి శ్రావణ శుక్రవారం నాడు ప్రయత్నించాను, చింతపండు పులుసులో ముద్ద అయిపోయింది, ప్రసాదం అనడానికి కూడా నోరు రాలేదు.

జిగురు కావాల్సిన వంటలు, నా ఓటు వీటికే

దద్దోజనం. అరకప్పు ఓట్స్‌కు కప్పున్నర నీళ్లు, చిటికెడు ఉప్పు, ఏడెనిమిది నిమిషాలు మెత్తగా ఉడికించండి. బాగా చల్లారనివ్వాలి, వేడి మీద పెరుగు పోస్తే విరిగి నీళ్లు వదులుతుంది. గోరువెచ్చన కన్నా తగ్గాక నాలుగు చెంచాల పాలు, ఒక కప్పు కమ్మటి పెరుగు కలపండి. తాలింపులో ఆవాలు, మిరియాలు, ఎండుమిర్చి, ఇంగువ, సన్నగా తరిగిన అల్లం, కరివేపాకు. అరగంట పక్కన పెడితే బిగుసుకుంటుంది, తినేముందు కాసిన్ని మజ్జిగ పోసి వదులు చేసుకోండి. నాన్న ఓట్స్ తినడం మొదలుపెట్టింది దీంతోనే. మొదటిరోజు మేం పేరు చెప్పలేదు, పెరుగన్నమనే అనుకున్నాడు, రెండో ముద్దకు అనుమానం వచ్చింది గానీ అప్పటికే మాగాయ ముక్క నంజుకుని ఉన్నాడు.

పొంగలి ఇంకా తేలిక. అరకప్పు పెసరపప్పు దోరగా వేయించి, రెండు కప్పుల నీళ్లతో కుక్కర్లో మెత్తగా ఉడికించండి. మూత తీసి, అరకప్పు వేయించిన ఓట్స్, మరో కప్పు వేడినీళ్లు పోసి అయిదు నిమిషాలు కలుపుతూ ఉడికించి, నెయ్యిలో మిరియాలు, జీలకర్ర, అల్లం, జీడిపప్పు తాలింపు పెట్టండి. పప్పు కలవడం వల్ల మాంసకృత్తులు కూడా బాగా అందుతాయి. ఓట్స్‌లో ఎటూ 100 గ్రాములకు 13 గ్రాముల దాకా ఉంటాయి, బియ్యం కన్నా ఎక్కువే, కానీ మాంసకృత్తుల్లో ఒక భాగమైన లైసిన్ గింజల్లో తక్కువ, పప్పుల్లో దండిగా ఉంటుంది. మన పప్పన్నం వెనక ఉన్న లెక్క కూడా ఇదే.

స్టీల్ కట్ కొన్నవాళ్లు అరగంట నానబెట్టి, ఒకటికి మూడు కొలతల నీళ్లతో కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిస్తే సరి, దాంతోనూ పై రెండూ చేసుకోవచ్చు. పొద్దున్నే టైం లేని ఉద్యోగస్తులు రాత్రే మూడు వంతులు పెరుగులో ఒక వంతు రోల్డ్ ఓట్స్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టేసి, పొద్దున అరటిపండో దానిమ్మ గింజలో వేసుకుని తినొచ్చు. నాకు పెద్దగా నచ్చదు, పొద్దున్నే చల్లటిది దిగదు, కానీ మా చెల్లెలు ఇదే తిని ఆఫీసుకు పోతుంది. ఇవి కాక ఓట్స్ పొడి ఒక సీసాలో ఉంచుకుంటే సూప్ చిక్కబడటానికి కార్న్‌ఫ్లోర్ బదులు, కట్లెట్ విడిపోకుండా బ్రెడ్ పొడి బదులు వాడుకోవచ్చు.

రాగులు: సంగటి, అంబలి

రాగుల గొప్పంతా కాల్షియం. 100 గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు, అంతే తెల్లబియ్యంలో పది దరిదాపుల్లో ఉంటుంది. మొండితనం ఏంటంటే వేడినీళ్లలో పిండి పోస్తే ఉండలు కడుతుంది, పైన ఉడికినట్టుంటుంది, ఉండ చిదిపితే లోపల పచ్చిపిండి.

అంబలికి దీని విరుగుడు తేలిక. రెండు పెద్ద చెంచాల పిండిని ముందు గ్లాసు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, మరుగుతున్న రెండు గ్లాసుల నీళ్లలో పోస్తూ తిప్పాలి. అయిదారు నిమిషాలకు రంగు ముదిరి మెరుపు వస్తుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. ఎండాకాలంలో చలివేంద్రాల్లో పోసేది ఇదే. పిండిని రాత్రే నీళ్లలో కలిపి పులియబెట్టి పొద్దున కాస్తే ఇంకా మంచిది, ఇనుమూ కాల్షియమూ ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటిక్ ఆమ్లం పులిస్తే తగ్గుతుంది. రాగుల్ని మొలకెత్తించి, ఆరబెట్టి, వేయించి పట్టించినా అంతే. పైగా మొలకల పిండితో జావ పల్చగా వస్తుంది కాబట్టి పసిపిల్లలకు అదే గిన్నెలో ఎక్కువ పిండి పట్టించవచ్చు.

షుగర్ ఉన్నవాళ్లకు ఒక మాట. సన్నటి పిండితో చేసిన జావ గటగటా తాగితే తొందరగా అరిగి షుగర్ తొందరగానే పెరుగుతుంది. రాగి కదా ఏం కాదులే అని మూడు గ్లాసులు తాగే పెద్దవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. మీకైతే కూరతో తినే సంగటో రొట్టో మేలు, అదీ కొలతగా. తాగిన రెండు గంటల తర్వాత షుగర్ చూసుకుంటే మీ ఒంటి లెక్క మీకే తెలుస్తుంది.

సంగటికి ఒక కప్పు నూకలు కడిగి గంట నానబెట్టి, అయిదు కప్పుల నీళ్లలో మెత్తగా ఉడకనివ్వండి (నూకల బదులు కొర్రలు వేస్తే ఇంకా మంచిది, మా అమ్మమ్మ ఒప్పుకోదు గానీ). ఇంకా నీళ్లు కనపడుతుండగానే కప్పు రాగిపిండి మధ్యలో కుప్పగా పోయండి. కలపొద్దు! తెడ్డు కాడతో కుప్పలో రెండు మూడు బొక్కలు చేసి మూతపెట్టి, సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు. ఆవిరికి పిండి ఉడికి రంగు మారాక దించి, గిన్నెను రెండు కాళ్ల మధ్య పట్టుకుని తెడ్డుతో గట్టిగా కెలకాలి, ఇక్కడ మొహమాటపడితే ఉండలు మిగులుతాయి. చెయ్యి తడి చేసుకుని ముద్దలు కట్టండి. రాయలసీమలో దీన్ని నమలరు, పులుసులో ముంచి మింగుతారు. నాటుకోడి పులుసు లేకపోతే గోంగూర పప్పో వేరుశనగ చట్నీయో.

జొన్న రొట్టె

మా అమ్మ వాళ్లది నంద్యాల వైపు, అక్కడ రాత్రిపూట రొట్టె లేని ఇల్లు ఉండేది కాదట. ఇప్పుడు కర్రీ పాయింట్ల దగ్గర కొనుక్కుంటున్నారు. ఇంట్లో రొట్టె సరిగ్గా రాకపోతే తప్పు చేతిది కాదు, చాలాసార్లు పిండి పాతది కావడం వల్లే రాదు. గోధుమపిండిని సాగేలా చేసే గ్లూటెన్ అనే మాంసకృత్తు జొన్నలో ఉండదు, పట్టుకునేది వేడినీళ్లకు ఉడికిన పిండి బంకే. పట్టించి నెలలు దాటిన పిండికి ఆ పట్టు ఉండదు. అమెరికాలో మా కజిన్ ఇండియన్ స్టోర్‌లో కొన్న పిండితో ఆరు నెలలు కుస్తీ పట్టి, చివరికి జొన్నలు కొని మిక్సీలో ఆడించుకుంటే మొదటిరోజే వచ్చింది.

కప్పు పిండికి దాదాపు కప్పు నీళ్లు. నీళ్లలో ఉప్పు వేసి తెర్లనిచ్చి, పిండిలో పోసి, చెంచాతో కలిపి, మూతపెట్టి అయిదు నిమిషాలు ఉంచండి. చెయ్యి పట్టేంత వేడి ఉన్నప్పుడే అరచేతి మడమతో బాగా మర్దించాలి, అంచులు పగలనంత వరకు. పీట మీద పొడిపిండి చల్లి, ఉండ పెట్టి, అరచేత్తో తడుతూ తిప్పుకోండి. బాగా కాలిన పెనం మీద పొడిపిండి ఉన్న వైపు పైకి వచ్చేలా వేసి, తడిగుడ్డతో పైన నీళ్లు పూయండి. ఆ తడి ఆరగానే తిప్పేయాలి, ఎక్కువసేపు ఆగితే బీటలు పడుతుంది. రెండో వైపు కాలాక నేరుగా మంట మీద పెడితే పొంగుతుంది. మొదటి పది రొట్టెలు ఏ దేశం మ్యాపులాగో వస్తాయి, రుచికి లోటుండదు కాబట్టి తినేయండి.

కొర్రలు, సామలు, సజ్జలు

కొర్రలు అన్నంలా వండుకోవచ్చు, నానబెట్టడమే అసలు పని. కనీసం నాలుగు గంటలు, రాత్రంతా అయితే ఇంకా మంచిది. ఒకటికి రెండున్నర నీళ్లు, కుక్కర్లో రెండు విజిల్స్, దించాక పది నిమిషాలు మూత తీయొద్దు. చల్లారితే బిరుసెక్కుతుంది కాబట్టి లంచ్ బాక్స్‌లో కొర్రన్నం కూర పెట్టి పంపితే మధ్యాహ్నానికి ఇసుక నమిలినట్టుంటుంది. బాక్స్‌కు పెరుగన్నమో, పప్పు కలిపి ఉడికించిన కిచిడీనో పంపండి. సామలు కూడా ఇలాగే, ఇంకాస్త తొందరగా ఉడుకుతాయి, పులిహోరకు బాగుంటాయి. ఓట్స్‌తో రానిది వీటితో వస్తుంది.

సజ్జల్లో ఇనుము ఎక్కువ, 100 గ్రాములకు ఆరు మిల్లీగ్రాముల పైన. నిమ్మరసం పిండిన కూరతో తింటే ఒంటికి బాగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. నూనె శాతం ఎక్కువ కాబట్టి పిండి వారం పది రోజులకే చేదెక్కుతుంది, కిలో కిలో పట్టించకండి. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు సజ్జలు రోజూ తినాలనుకుంటే ముందు డాక్టర్ని అడగండి.

మొదలుపెట్టేటప్పుడు

ఇవాళ్టి నుంచి మూడు పూటలా చిరుధాన్యాలే అని శపథాలు చేయకండి. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపుబ్బరం, గ్యాస్, ఆ పైన ఇంట్లో అందరి తిట్లు. మొదటి వారం రోజుకో పూట, అదీ సగం ప్లేటు. నీళ్లు మామూలు కన్నా రెండు గ్లాసులు ఎక్కువ తాగండి, నీళ్లు లేని పీచు మలబద్ధకం తెస్తుంది. థైరాయిడ్ మాత్ర వేసుకున్న వెంటనే ఓట్స్ తినకండి, మాత్ర సరిగ్గా ఒంటికి పట్టదు, డాక్టర్ చెప్పిన గ్యాప్ పాటించండి. గోధుమ పడని వాళ్లకు జొన్న, రాగి, కొర్ర భయం లేదు, ఓట్స్ మాత్రం గోధుమలతో పాటే ఒకే మిల్లులో ఆడే అవకాశం ఉంది కాబట్టి గ్లూటెన్ లేదని రాసిన ప్యాకెట్టే తీసుకోవాలి. కిడ్నీ జబ్బుకు పథ్యంలో ఉన్నవాళ్లు ఇవేవీ సొంతంగా మొదలుపెట్టొద్దు.

పిల్లలకు పేర్లు చెప్పి ఊరించకండి, "హెల్దీ" అన్న మాట వింటేనే మా అబ్బాయి కంచం పక్కకు తోస్తాడు. ఇడ్లీపిండిలో బియ్యపు రవ్వ సగం తీసేసి కొర్రల రవ్వ వేస్తే ఇప్పటిదాకా కనిపెట్టలేదు. దోసెపిండిలో గరిటెడు రాగిపిండి కలిపితే మాత్రం రంగు చూసి పట్టేస్తాడు, చాక్లెట్ దోసె అని చెప్పి పెడుతున్నాం.

ఓట్స్, కొర్రలు గాజు సీసాలో పోసి గట్టిగా మూత పెట్టి, ప్యాకెట్ మీది తేదీ కత్తిరించి సీసాకు అంటించండి. హైదరాబాద్ వానాకాలంలో తెరిచిన ప్యాకెట్‌కు క్లిప్పు పెట్టి ఊరుకుంటే నెల తిరిగేసరికి పురుగు ఖాయం. మా ఇంట్లో ఇప్పుడు అంత దాకా ఆగడం లేదు, కిలో సీసా నాన్న ఒక్కడే మూడు వారాల్లో ఖాళీ చేస్తున్నాడు. మాగాయ ఖర్చే పెరిగింది.